రక్తాక్షి నాటి బందరు ఉప్పెన

శాలివాహన శకము 1786వ సంవత్సరమునకు రక్తాక్షి యని పేరు. అది క్రీ. శ. 1864. కృష్ణాజిల్లా అప్పటికి పసిబిడ్డ. గుంటూరు, బందరు జిల్లాలు కలిసి, బందరు ముఖ్యపట్టణముగా 1859లో అది యేర్పడెను. విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కాలువనీరు పారినచోట మెట్టచేలు మాగాణులగుచుండెను. నందన కరవును (1832–33) చూచిన వృద్ధులకది కన్నులపండువు. అమెరికాలో అంతర్యుద్ధము సాగుచుండుటచే అచ్చటి ప్రత్తి సీమకు పోవుట తగ్గి, మన ప్రత్తికి గొప్ప ధర పలుకుచుండెను.

ఇట్టి శుభదినములలో సముద్రము పొంగెను. అక్టోబరు 5వ తేదీన కలకత్తాను తుపాను ముంచెత్తగా వేలకొలది జనులు మృతిచెందిరి. నెలయైనను తిరుగకమున్నే నవంబరు 1వ తేదీ, మంగళవారము, కార్తీకమాసారంభమున, బందరుకు ఆ దుర్దశ ప్రాప్తించెను. రాత్రివేళ పెనుగాలితోకూడ సుమారు 13 అడుగుల ఎత్తున కడలి పట్టణముపై పడెను. కొన్నియెడల 17 మైళ్లు లోనికి చొచ్చెను. బందరునుండి మొవ్వకుగల దారిని తలచుకొనినచో ఆ దూరమెంతయో చదువరులకు బోధపడగలదు. సుమారు 780 చదరపు మైళ్ల భూమి మునిగెను. 30,000 మంది మరణించిరని అంచనా. బ్రతికినవారికి త్రాగుటకు మంచినీరు కరవయ్యెను; చెరువులన్నియు ఉప్పునీటితో నిండెను.

ఆనకట్ట కరవు భయమును తగ్గించెనేగాని ఉప్పెన నాపజాలదు. దానికి ముందుగా తెలియుటయే రక్షణము. ఆనాడు అట్టి హెచ్చరిక చేయువారే లేరు. కలకత్తా తుపాను, పిమ్మటి కరవులు కన్నులు తెరిపింపగా, 1875లో భారత వాతావరణశాఖ స్థాపితమయ్యెను. అయినను హెచ్చరిక పుట్టుట వేరు, గుడిసె గుడిసెకు చేరుట వేరు. 1977 నవంబరు 19న దివిసీమలో మరల వేలమంది ఉప్పెనపాలైరి. 1990 మే నెలలో కృష్ణ ముఖద్వారమువద్ద ఘోరమైన తుపాను తీరము దాటినపుడు, లక్షకు పైగా జనులను ముందే తరలించిరి. మృతులు సుమారు వేయిమంది. అదియు దుఃఖమే, కాని 30,000 ఎక్కడ, వేయి యెక్కడ!

రక్తాక్షిలో గతించినవారిలో పెక్కురి పేళ్లు నేడెవరికిని తెలియవు. తుపాను కబురు వచ్చినపుడు ఇల్లు, గొడ్డు, గోద విడువలేక తటపటాయించువారికి వారి కథ చదివి వినిపింపవలెను.