మోదుగు పువ్వు రంగును చదివిన ఆచార్యుడు

మోదుగు పూలు కాచి రంగు తీయడం మన గూడేల్లో ఎవరూ కాలేజీకి పోయి నేర్చుకోలేదు. అవ్వలు, తాతలు చేస్తుంటే చూసి నేర్చుకున్నాం. ఆ రంగు పువ్వులో దేనివల్ల వస్తుందని ప్రయోగశాలలో వెదికిన ఆచార్యుడు ఒకరు తెలుగు నేల మీద పదిహేనేళ్లు పనిచేశారు. ఆయన టి.ఆర్. శేషాద్రి. ఊరు విడిచి హైదరాబాద్ పాతబస్తీ హాస్టళ్లలో చదువుకుంటున్న మన పిల్లలు తెలుసుకోవలసిన పేరు అది.

శేషాద్రి 1900లో తమిళనాడులోని కుళిత్తలైలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి 1929లో పీహెచ్‌డీ పొందారు. ఆస్ట్రియాలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ దగ్గర, కొన్ని మిల్లీగ్రాముల పదార్థంలో ఏ మూలకం ఎంతుందో తేల్చే పద్ధతి నేర్చుకున్నారు. 1934లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయానికి ఎనిమిదేళ్లే. రసాయన శాఖను ఆయన దాదాపు మొదటినుంచీ కట్టుకుంటూ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయినా పరిశోధన ఆపలేదు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ వచ్చాయి. 1975లో కన్నుమూశారు.

ఆయన ఎంచుకున్న మొక్కలు మనకు కొత్తవి కావు. పత్తి పూలు, గోగు పూలలోని పసుపు రంగు పదార్థాలను పరీక్షించారు. కానుగ నూనెనుంచి రంగస్వామితో కలిసి పొంగమోల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మోదుగు పువ్వులోని బ్యూట్రిన్, ఐసోబ్యూట్రిన్‌లపై పనిచేశారు. ఈ రెండింటిలో పరమాణువులు అవే, అమరిక వేరు. ఐసోబ్యూట్రిన్‌కు రంగు ఉంటుంది, బ్యూట్రిన్‌కు ఉండదు. మొదటిది రెండోదిగా మారితే రంగు పోతుంది. పూలను ఎప్పుడు కోయాలి, ఎలా ఆరబెట్టాలి అని పెద్దలు అంత పట్టింపుగా ఎందుకు చెబుతారో ఇప్పుడు ఆలోచించండి.

పదో తరగతి కాగానే "సైన్స్ మనవల్ల కాదు, ఆర్ట్స్ తీసుకుంటాం" అనే పిల్లలను మేం ఏటా చూస్తున్నాం. మోదుగును, కానుగను, ఇప్పను ఆకు చూసి గుర్తుపట్టేవాళ్లే ఆ మాట అంటున్నారు. ఇంకోవైపు రంగు కాచే అవ్వలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పదార్థాలకు పేర్లున్నాయి, పుస్తకాల్లో చేరాయి. మన అవ్వల పద్ధతిని మాత్రం రాసిపెట్టినవాళ్లు అరుదు.

ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు అడగండి: ఏ నెలలో కోస్తారు, ఎంతసేపు కాస్తారు, సున్నం వేస్తారా, పటిక వేస్తారా? చెప్పినవారి పేరుతో సహా నోటుబుక్కులో రాసుకోండి. రసాయనశాస్త్రంతో బీఎస్సీ చేయాలంటే పాతబస్తీలోనే, మూసీ ఒడ్డున సిటీ కాలేజీ ఉంది. ఆ నోటుబుక్కు పట్టుకుని అక్కడికి వెళ్లండి.