పొరుగింటి పుల్లకూర – పాలూ నెయ్యీ లేని పల్నాటి వంటల చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని మిత్రులు కోరారు. యుద్ధాల గురించి, శాసనాల గురించి రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వంటింటి చరిత్ర ఎంచుకున్నాను. పాలు, పెరుగు, నెయ్యి, మాంసం, గుడ్డు ఏవీ తగలకుండా మన ఇళ్లలో వండుకున్న వంటలు, అవి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరిన తీరు ఇందులోని విషయం.

ఇటువంటి భోజనాన్ని ఇప్పుడు 'వీగన్' అంటున్నారు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న మనవలు ఫోనులో ఈ మాట అంటే మనలో కొందరు కంగారు పడుతున్నారు. 1944 నవంబరులో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయన, మరికొందరు కలిసి ఒక సంఘం పెట్టుకుని ఈ పేరు పుట్టించారు. మన లెక్కలో శాకాహారం అంటే పాలు, నెయ్యి ఉంటాయి. వారి లెక్కలో అవి కూడా ఉండవు, తేనె కూడా ఉండదు. జంతువును బాధించి సంపాదించినది ఏదీ తినకూడదన్నది వారి నియమం. పల్నాటి మెట్ట పల్లెల్లో ఏ నియమమూ లేకుండానే ఏడాదిలో చాలా రోజులు ఈ భోజనమే నడిచింది. కారణం మాత్రం వేరు.

రాజుల వంట రాతలో, మన వంట నోటిలో

12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రచించాడు. అందులో 'అన్నభోగం' అనే భాగం ఉన్నది. రాజు భోజనంలోని వంటకాలను, వాటిని చేసే విధానాన్ని వివరంగా రాసి పెట్టాడు. అదే శతాబ్దంలో మన పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి 'చాపకూడు' పెట్టాడు. నేటికీ కార్తీక మాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరిగేటప్పుడు మూడవనాడు, అంటే మందపోరు రోజున, చాపకూడు పెడుతున్నారు. ఆనాడు ఆ చాప మీద వడ్డించిన కూర ఎలా చేశారో రాసి పెట్టినవారు లేరు. రాజుగారి వంటకు గ్రంథం ఉన్నది, చాపకూడుకు లేదు.

శ్రీనాథ కవిసార్వభౌముడి పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు మన సభ్యులకు కంఠతా వచ్చు. పల్నాడులో జొన్నకూడు తప్ప సన్నన్నం దొరకలేదని ఆయన వాపోయాడు. వాపోయినా, ఈ ప్రాంతపు ముఖ్యాహారం ఏమిటో ఆ పద్యాలు మనకు తెలియజేస్తున్నాయి.

పాడి ఉండి కూడా నెయ్యి లేని ఇళ్లు

పల్నాడులో పశువులకు లోటు లేదు. అడవి దగ్గర, మేత ఉన్నది. అయితే అడవిలో పశువును మేపుకుంటే బ్రిటిషు ప్రభుత్వానికి పుల్లరి కట్టాలి. ఆ పుల్లరి కట్టబోమని 1921లో పల్నాటి రైతులు తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలి అయ్యాడు. ఇది మనకందరికీ తెలిసిన చరిత్రే. దీనిని వంటింటి వైపు నుంచి కూడా చూడవచ్చును. పశువు మీద పన్ను ఉన్నప్పుడు, ఇంట్లో కాచిన నెయ్యి ఇంట్లో మిగలదు. సంతకు పోతుంది. పిల్లలకు మజ్జిగ నీళ్లు, పెద్దలకు పచ్చడి మెతుకులు మిగిలేవి.

దీనికి తోడు కరువులు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ జనాభాలో మూడోవంతుకు తక్కువ కాకుండా చనిపోయారని చరిత్రకారులు రాశారు. ఆకలి రుచి ఎరగదంటారు. కరువు తెలిసిన ఇల్లాలు మాత్రం గట్టు మీది ఆకునూ, చేలో రాలిన గింజనూ రుచిగా వండడం నేర్చుకుంది. మాంసం వద్దనుకున్నవారు కారు వీరు. దొరికిన పండుగనాడు తిన్నారు, దొరకని రోజుల్లో ఆకూ పప్పూ వండుకున్నారు.

మన వంటకు గుర్తుగా చెప్పుకునే మిరపకాయ కూడా పరదేశిదే. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశం వచ్చింది. పల్నాటి యుద్ధం నాటికి ఇక్కడ మిరప లేదు, ఉన్న కారం మిరియానిదే. వేరుసెనగ కూడా దక్షిణ అమెరికా పంటే. మద్రాసు రాజధానిలో 19వ శతాబ్దం చివరి భాగంలో గాని దాని సాగు బాగా పెరగలేదు. అంతకు ముందు పోపుకు నువ్వుల నూనె వాడేవారు. నేడు మిరపకు పేరుపడ్డ క్రోసూరులో కూర్చుని ఈ మాట రాస్తున్నాను.

గోడ మీదుగా, చేని గట్టు మీదుగా

పొరుగింటి పుల్లకూర రుచి అని సామెత. ఎగతాళికి పుట్టినా ఈ సామెతలో కొంత చరిత్ర ఉన్నది. పచ్చడి నూరిన ఇల్లాలు ఒక గిన్నెలో పెట్టి గోడ మీదుగా పక్కింటికి అందించేది. సాయంత్రానికి గిన్నె కడిగి తిరిగి వచ్చేది, దానితోపాటు తీర్పు వచ్చేది. "ఉప్పు ఒక పలుకు తగ్గింది వదినా", "మెంతులు మాడాయి పిన్నీ" అని. మరుసటిసారి ఆ తప్పు ఉండేది కాదు. పుస్తకంలో చదివి వండినవారికి ఈ తీర్పు దొరకదు.

కులాల వరుసలు వేరుగా ఉన్న రోజుల్లో గోడ మీదుగా వెళ్లని వంట చేని గట్టు మీద వెళ్లింది. మిరప కోతలకు కర్నూలు జిల్లా నుంచి కూలీలు నేటికీ మన చేలకు వస్తున్నారు. వారి మూటలో జొన్నరొట్టె, మనవారి క్యారేజీలో గోంగూర. మధ్యాహ్నం చెట్టు కింద ఇవి చేతులు మారతాయి. చాపకూడులో బ్రహ్మనాయుడు చేసిన పని కొంతవరకు ఈ చెట్టు కింద జరుగుతున్నదని నా అభిప్రాయం.

నాలుగు వంటలు, వాటి ఫలితాలు

మా అమ్మ కొలత సోలలు, గిద్దలు, పిడికిళ్లు. 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో కిలోలు వచ్చినా ఆమె మారలేదు. ఈ వ్యాసం కోసం మా ఇంట్లో ఇవన్నీ మరల తూచి వండి చూశాము. ఫలితం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గోంగూర పచ్చడి: కాడలు తీసిన ఎర్ర గోంగూర పావుకిలో. కడిగి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనివ్వాలి. నాలుగు చెంచాల నువ్వుల నూనెలో 15 ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, అర చెంచా జీలకర్ర, పావు చెంచా మెంతులు వేయించి తీసి, అదే నూనెలో ఆకు ముద్దయ్యేదాకా మగ్గించాలి. ఉప్పు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు చేర్చి రోట్లో నూరాలి. ఫలితం: తడి ఆరిన ఆకుతో చేసినది వారం నిలిచింది. ఇందులో నెయ్యి లేని లోటు పచ్చి ఉల్లిపాయ తీర్చింది.

నువ్వుల పొడి: నువ్వులు 100 గ్రాములు, ఎండుమిర్చి 8, వెల్లుల్లి 6 రెబ్బలు, ఉప్పు. నువ్వులు చిటపటలాడగానే దింపి, పూర్తిగా చల్లారాక దంచాలి. ఫలితం: వేడి మీద దంచితే నూనె దిగి ముద్ద కట్టింది, చల్లారాక దంచినది పొడిపొడిగా వచ్చింది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల నువ్వుల్లో సుమారు 1450 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది, గేదె పాలలో 210. అయితే పాలు తాగినంతగా నువ్వులు తినలేము గదా. రోజూ రెండు చెంచాలు అన్నంలో కలుపుకోవడం మంచి అలవాటు.

వంకాయ పచ్చిపులుసు: పెద్ద వంకాయకు నూనె రాసి నిప్పుల మీద కాల్చి, పొట్టు తీసి మెదపాలి. చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లపు ముక్క కలిపి పోపు పెట్టాలి. ఫలితం: గ్యాసు మంట మీద సన్నగా తిప్పుతూ కాల్చితే కుంపటి రుచికి దగ్గరగా వచ్చింది. జొన్న రవ్వ ఒకటికి నాలుగు నీళ్లు పోసి వండిన అన్నంలోకి ఇది బాగుంటుంది.

వేరుసెనగ పెరుగు: ఇది పాతది కాదు, మా మనవరాలు నేర్పినది. గ్లాసు గింజలు రాత్రి నానబెట్టి, రుబ్బి, నాలుగు గ్లాసుల నీళ్లతో పాలు తీసి కాచాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆరేడు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఫలితం: తోడుకున్నది గాని గేదె పెరుగంత గట్టిగా లేదు, పైన నీరు తేలింది. మజ్జిగ పులుసుకు చక్కగా పనికి వచ్చింది. దానితోనే తోడు వేసిన రెండవ వాయి మెరుగ్గా ఉన్నది.

కాలువ, బియ్యం, పుస్తకం

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువతో పల్నాడులో వరి పెరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. తెల్లన్నం పేదవాడి కంచంలోకి రావడం మంచి విషయమే, దానిని తప్పు పట్టలేము. కాని జొన్నతోపాటు జొన్నలోకి సరిపోయే పచ్చళ్లు, పులుసులు కూడా వెనక్కు వెళ్లాయి.

అదే కాలంలో వంట అచ్చులోకి వచ్చింది. 1950ల నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' నడిపిన మాలతీ చందూర్ గారి 'వంటలు–పిండివంటలు' పుస్తకం అనేక ముద్రణలు పొందింది. ఉద్యోగరీత్యా బదిలీ మీద వెళ్లిన మన కుటుంబాల్లో ఎంతమంది కొత్త కోడళ్లకు ఆ పుస్తకమే అత్తగారైనదో మీకు తెలుసు. 2016లో తెనాలి దగ్గరి గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ అనే శతాధిక వృద్ధురాలు వంకాయ కూర వండుతుండగా తీసిన వీడియోను ప్రపంచమంతా చూసింది. ఆమె 2018 డిసెంబరులో కన్నుమూశారు. ఆమె మాంసం వంటలకూ ప్రసిద్ధురాలే. అయితే మొదట పేరు తెచ్చినది వంకాయ.

ఒక హెచ్చరిక

పాతదంతా ఆరోగ్యమేనని చెప్పడం సరికాదు. జొన్నే ముఖ్యాహారంగా తినే దక్కను పేదల్లో ఎండ తగిలిన చోట చర్మం నల్లబడే పెల్లాగ్రా వ్యాధి కనిపించేది. 1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో దీనిని గురించి రాశారు. జొన్నలో లూసిన్ ఎక్కువగా ఉండటం ఒక కారణమని వారు ప్రతిపాదించారు. ఒకే గింజ మీద, చాలీచాలని కూర మీద బతకడం మంచిది కాదన్నది మనం గ్రహించవలసిన విషయం.

బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదు. మన వయసులో దానిని ఒంటపట్టించుకునే శక్తి కూడా తగ్గుతుంది. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో మరీ తగ్గవచ్చు. కాబట్టి పాలు మానదలచినవారు డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించుకుని, అవసరమైతే మాత్రలు వాడాలి. వీగన్ అయిన మనవలకు కూడా ఈ మాట చెప్పండి.

సభ్యులకు ఒక ప్రతిపాదన

మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న, సజ్జ మళ్లీ దుకాణాల్లో దొరుకుతున్నాయి. గింజలు దొరికినా, వాటిలోకి ఏది నంజుకోవాలో తెలిసినవారు ఏటా తగ్గిపోతున్నారు. మన సంఘంలోనే ప్రతి సంచికలో శ్రద్ధాంజలి పేజీ పెరుగుతున్నది. ఆ పేజీలో ఎక్కిన ప్రతి తల్లితోపాటు రాయని వంటలు కొన్ని వెళ్లిపోతున్నాయి.

దాఖలాలో లేనిది ఆఫీసులో లేనట్టేనని మనం సర్వీసంతా నేర్చుకున్నాము. కనుక నా ప్రతిపాదన ఇది. ప్రతి సభ్యుని ఇంటి నుంచి పాలు, నెయ్యి లేని పాత వంట ఒకటి రాసి పంపాలి. వంట పేరు, నేర్పినవారు, ఊరు, కొలతలు, చేసిన విధానం, వచ్చిన ఫలితం, ఈ ఆరు అంశాలు ఉండాలి. మగవారు విని రాసి ఊరుకోకుండా ఒకసారి స్వయంగా వండి, ఇంట్లోవారి తీర్పు కూడా చేర్చాలి. అందిన వాటిని ఒక ఫైలుగా కట్టి సంఘ కార్యాలయంలో ఉంచుదాము. మొదటి నాలుగు కాగితాలు నావి, పైన సమర్పించుకున్నాను.

– విశ్రాంత గుమస్తా, క్రోసూరు