నర్సింగ్ విద్యార్థి రోజు ఎలా గడుస్తుంది? మన ఇళ్ళవాళ్ళు తెలుసుకోవలసిన సంగతులు

ప్లస్ టూ, పీయూసీ ఫలితాలు రాగానే మన ఇళ్ళలో నర్సింగ్ మాట వస్తుంది. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా "చదువు అయిపోతే ఉద్యోగానికి ఢోకా లేదు" అనుకుంటాం. ఆ చదువు నడిచినన్నాళ్ళు రోజు ఎలా గడుస్తుందో మాత్రం ఎవరూ చెప్పుకోరు. మొదటి ఏడాది హాస్టల్ నుంచి పిల్ల ఫోన్ చేసి ఏడిస్తే ఏం చెప్పాలో ఇంట్లో ఎవరికీ తోచదు. అందుకే ఈ వివరాలు ఒకచోట చేర్చాం.

ఏ కోర్సు, ఎన్నేళ్ళు

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పన్నెండో తరగతి పాసవ్వాలి. ఇంగ్లీషు కూడా ఉండాలి. జీఎన్ఎం మూడేళ్ళు. దీనికి సైన్సు చదవనివాళ్ళు కూడా అర్హులే. రెండింటికీ ప్రమాణాలు నిర్ణయించేది 1947 చట్టంతో ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ 1946లో ఢిల్లీలోనూ, వేలూరులోనూ మొదలైంది.

తెల్లవారింది మొదలు

పోస్టింగ్ ఉన్న రోజున అయిదు, అయిదున్నరకే లేవాలి. యూనిఫాం ఇస్త్రీ చేసి ఉండాలి, జుట్టు ముడి వేసుకోవాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి. గాజులు, ఉంగరాలు తీసేయాలి. "ఆడపిల్ల బోసి చేతులతో ఉండటమేమిటి?" అని నాయనమ్మలు నొచ్చుకుంటారు. గాజుల సందుల్లో క్రిములు నిలుస్తాయి, ఒక రోగి నుంచి ఇంకొకరికి చేరతాయి. ఆ మాట పెద్దవాళ్ళకు ముందే చెబితే గొడవ ఉండదు.

ఎనిమిది గంటల ప్రాంతానికి వార్డులో ఉండాలి. రాత్రి డ్యూటీ నర్సు ఒక్కో రోగి సంగతి చెప్పి, పగటి నర్సుకు అప్పగిస్తుంది. విద్యార్థి పక్కనే నిలబడి రాసుకుంటుంది. తర్వాత పక్కలు సర్దడం, లేవలేని రోగికి మంచం మీదే ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, జ్వరం, నాడి, శ్వాస, బీపీ చూసి రాయడం. పెద్దవాళ్ళకు నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20 మధ్య ఉండాలి. తేడా కనిపిస్తే వెంటనే పైవాళ్ళకు చెప్పాలి. మందు ఇచ్చే ముందు అయిదు సంగతులు సరిచూడాలి: రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం.

మధ్యాహ్నం తరగతులు. మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ ఉంటాయి. రాత్రి హాస్టల్‌లో కేర్ ప్లాన్ రాయాలి: రోగికి ఏ ఇబ్బంది ఉంది, ఏం చేయాలనుకున్నాం, ఏం చేశాం, ఫలితమేమిటి. అది పూర్తయ్యేసరికి పది దాటుతుంది. పై తరగతులకు వెళ్ళేకొద్దీ ప్రసూతి, పిల్లల, మానసిక వైద్య విభాగాలూ, పల్లెల్లో ఇంటింటికీ తిరిగే పోస్టింగులూ వస్తాయి.

మొదటి ఏడాది కష్టం

చాలామందికి కష్టమనిపించేది చదువు కాదు. పరాయి మనిషి మలమూత్రాలు ఎత్తడం, పుండు వాసన భరించడం, నిన్న మాట్లాడిన రోగి ఈ రోజు మంచం మీద లేకపోవడం. పైగా రోజంతా నిలబడితే కాళ్ళు పీకుతాయి. ఆ రాత్రి ఫోన్ వస్తే "మానేసి వచ్చెయ్" అనవద్దు, "అందరూ చేయడం లేదా" అని కసరవద్దు. చెప్పింది వినండి. తిన్నదో లేదో అడగండి. అబ్బాయిలకూ ఇదే కష్టం ఉంటుంది, వాళ్ళు ఫోన్‌లో చెప్పకపోవచ్చు.

ఇంటి తెలుగు అక్కరకొచ్చే చోటు

రికార్డు ఇంగ్లీషులో రాయాలి, రోగితో ఆ ఊరి భాషలో మాట్లాడాలి. నొప్పి ఎలా ఉందో రోగి తన భాషలోనే చెబుతాడు: పొడుస్తోంది, సలుపుతోంది, లాగుతోంది, మండుతోంది. ఒక్కో మాటను బట్టి డాక్టరు ఆలోచించే జబ్బు మారుతుంది. తమిళంలో ఎరిచ్చల్, కన్నడంలో ఉరి, మన ఇంట్లో మంట. ఈ మూడూ ఒకటేనని తెలిసిన పిల్ల వార్డుకు ఎంతో ఉపయోగం. వేలూరుకు చిత్తూరు వైపు నుంచి, బెంగళూరుకు అనంతపురం వైపు నుంచి, బరంపురానికి ఇచ్ఛాపురం వైపు నుంచి తెలుగు రోగులు వస్తూనే ఉంటారు. భాష రాని ఊళ్ళో మంచం పట్టిన ముసలాయనకు "తాతా, ఎక్కడ నొప్పి?" అన్న పలకరింపే సగం ధైర్యం. పిల్లలతో ఇంట్లో తెలుగు మాట్లాడటం మానవద్దని మేము చెప్పడానికి ఇదీ ఒక కారణం.

సూది గుచ్చుకుంటే

ఇది దాచకూడని సంగతి. వాడిన సూది గుచ్చుకుంటే, తిడతారన్న భయంతో కొందరు చెప్పరు. వెంటనే సబ్బు, నీళ్ళతో కడిగి, ఆ నిమిషమే ఇన్‌చార్జికి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు ఆరు నెలల్లో పూర్తవుతాయి. వార్డు పోస్టింగులు మొదలుకాక ముందే వేయించడం మొదలుపెట్టండి.

పెళ్ళిళ్ళు, పండగలు

థియరీలోనూ, ప్రాక్టికల్‌లోనూ 80 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. క్లినికల్ గంటలు మాత్రం పట్టా చేతికి వచ్చేలోగా నూటికి నూరు పూర్తి కావాలి. మేనత్త కూతురి పెళ్ళికని వారం రోజులు పిలిపిస్తే, ఆ గంటలు సెలవుల్లో తిరిగి కట్టుకోవాల్సింది పిల్లే. ముహూర్తం రోజుకు వచ్చి వెళ్తే చాలు.

చేర్చే ముందు

కళాశాలకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, బీఎస్సీ అయితే విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయా అని చూడండి. ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టవద్దు. క్లినికల్ పోస్టింగులు ఏ ఆసుపత్రిలో, అక్కడ ఎన్ని పడకలు, హాస్టల్ నుంచి ఎంత దూరం అని అడగండి. రోగులు లేని ఆసుపత్రిలో పని రాదు. చదువు అయ్యాక రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే నర్సుగా పనిచేయవచ్చు.

ఇవన్నీ విన్నాక కూడా పిల్ల "చేస్తాను" అంటే సంతోషంగా పంపండి. వారానికోసారి పచ్చడి సీసాతో వెళ్ళి చూసి రండి.