గాలితో పోరాడిన ఇంజనీరు – రీడ్ రైల్టన్

ఎదురుగాలి వీస్తున్నప్పుడు సైకిల్ తొక్కే కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే హ్యాండిల్ మీదికి వంగిపోతాడు. కాళ్ల బలం పెరగకపోయినా సైకిల్ ముందుకన్నా తేలికగా సాగుతుంది. ఈ చిన్న ఉపాయాన్ని లెక్కలతో, ప్రయోగాలతో చివరికంటా తీసుకువెళ్లి, నేలమీద గంటకు 634 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్న కారును రూపొందించిన ఇంజనీరు రీడ్ రైల్టన్.

1895లో ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో జన్మించిన రైల్టన్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చదివి, 1917లో లేలాండ్ మోటార్స్‌లో చేరారు. అక్కడి ప్రధాన ఇంజనీరు జె.జి. ప్యారీ థామస్ దగ్గర పని నేర్చుకున్నారు. థామస్ కార్లను రూపొందించడమే కాదు, స్వయంగా నడిపేవారు కూడా. 1926 ఏప్రిల్‌లో ఆయన వేల్స్‌లోని పెండైన్ ఇసుకతీరంలో ‘బాబ్స్’ అనే కారులో గంటకు 275 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. మరుసటి ఫిబ్రవరిలో మాల్కమ్ క్యాంప్‌బెల్ ఆ రికార్డును దాటారు. దాన్ని తిరిగి సాధించబోయి, 1927 మార్చి 3న అదే తీరంలో థామస్ ప్రాణాలు కోల్పోయారు. రైల్టన్ తాను నడుపుతున్న చిన్న కార్ల కంపెనీని మూసివేసి, బ్రూక్‌లాండ్స్ పందెపు మైదానంలో ఉన్న థామ్సన్ అండ్ టేలర్ సంస్థలో రూపకర్తగా చేరారు. ఆనాటి నుంచి ఆయన గీసిన ప్రతి గీతలోనూ మరొకరి ప్రాణం ఇమిడి ఉండేది.

క్యాంప్‌బెల్ ‘బ్లూ బర్డ్’ కారును తిరిగి రూపొందించే పని 1931 నుంచి రైల్టన్ చేతికి వచ్చింది. 1935 సెప్టెంబరు 3న అమెరికాలోని బోన్‌విల్ ఉప్పుమైదానంలో ఈ కారు గంటకు 301 మైళ్లు, అంటే సుమారు 485 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. కారుకు శక్తినిచ్చింది 2,300 అశ్వశక్తి గల రోల్స్ రాయిస్ విమాన ఇంజను.

ఇంతకన్నా వేగంగా వెళ్లాలంటే ఏం చేయాలి? ఇంకా పెద్ద ఇంజను పెడితే సరిపోదా? ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి మాత్రం వేగం ఘనాన్ని అనుసరించి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఈ లెక్కన బ్లూ బర్డ్ ఆకారంలోనే ఉన్న కారు 394 మైళ్ల వేగంతో వెళ్లాలంటే సుమారు 5,100 అశ్వశక్తి కావాలి. అంత శక్తినిచ్చే యంత్రాలు పెడితే బరువు పెరుగుతుంది, టైర్లపై భారం పెరుగుతుంది.

జాన్ కాబ్ కోసం కొత్త కారును రూపొందించేటప్పుడు రైల్టన్ ఈ సమస్యను తిరగేసి చూశారు. శక్తిని పెంచే బదులు నిరోధాన్ని తగ్గించదలచారు. ఆయన ఎంచుకున్నవి రెండు పాత తరహా నేపియర్ లయన్ విమాన ఇంజన్లు. రెండూ కలిసి ఇచ్చేది సుమారు 2,500 అశ్వశక్తి మాత్రమే. ఒక ఇంజను ముందు చక్రాలను, మరొకటి వెనక చక్రాలను తిప్పుతుంది. నాలుగు చక్రాలూ నేలను నెట్టడం వల్ల చక్రాలు జారి శక్తి వృథా కావడం తగ్గింది. ఇంజన్లను ఇముడ్చుకోవడానికి కారు వెన్నెముక వంటి దూలాన్ని పాములా వంపుతిప్పారు. తోక సన్నగా ఉండేందుకు వెనక చక్రాలను దగ్గర దగ్గరగా అమర్చారు. డ్రైవరును కారు ముక్కు దగ్గరే కూర్చోబెట్టారు. రేడియేటరు ఉంటే దానికి గాలి చొరబడే మార్గం కావాలి, ఆ మార్గమే నిరోధాన్ని పెంచుతుంది. అందువల్ల రేడియేటరునే తీసివేసి, ఇంజన్లను చల్లబరచడానికి మంచుగడ్డలు నింపిన తొట్టిని పెట్టారు. పరుగు కొద్ది నిమిషాలదే కాబట్టి మంచు చాలు!

రికార్డును గుర్తించాలంటే కారు గంటలోపు రెండు దిశల్లోనూ పరుగు తీయాలి. ఆ రెండింటి సగటునే లెక్కలోకి తీసుకుంటారు. 1938 సెప్టెంబరు 15న కాబ్ 350 మైళ్ల సగటు సాధించారు. మర్నాడే జార్జ్ ఐస్టన్ 357 మైళ్లతో దాన్ని దాటారు. ఐస్టన్ కారు ‘థండర్‌బోల్ట్’ సుమారు 7 టన్నుల బరువు, రెండు రోల్స్ రాయిస్ ఇంజన్లతో దాదాపు రెట్టింపు శక్తి. రైల్టన్ కారు బరువు సుమారు 3 టన్నులే. అయినా 1939 ఆగస్టులో కాబ్ రికార్డును తిరిగి గెలుచుకున్నారు. యుద్ధం ముగిశాక, 1947 సెప్టెంబరు 16న అదే కారు సగటున 394 మైళ్ల వేగాన్ని అందుకుంది. ఒక దిశలో 400 మైళ్లు దాటింది. ఈ రికార్డు 1963 వరకు నిలిచింది.

1939లో అమెరికా వెళ్లి స్థిరపడిన రైల్టన్, తర్వాత కాబ్ కోసం ‘క్రూసేడర్’ అనే జెట్ పడవ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1952 సెప్టెంబరు 29న స్కాట్లండులోని లాక్ నెస్ సరస్సుపై అది 200 మైళ్ల వేగాన్ని దాటి, నీటి ఉపరితలంపైనే ముక్కలైంది. కాబ్ మరణించారు. గురువును ఇసుకతీరంలో పోగొట్టుకున్న ఇంజనీరు, పాతికేళ్ల తర్వాత మిత్రుణ్ణి నీటి మీద పోగొట్టుకున్నారు. గట్టి నేలకు సరిపడిన లెక్క, గాలీ నీరూ కలిసే చోట అంత సులువుగా సరిపడదు.

రైల్టన్ 1977లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కన్నుమూశారు. కాబ్ నడిపిన ఆ రికార్డు కారును ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విజ్ఞాన ప్రదర్శనశాలలో భద్రపరిచారు. దాని నున్నటి ఆకారంలో ఒక పాఠం ఉంది. ఏ యంత్రం ముందుకు సాగకపోయినా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న “ఇంకెంత బలం కావాలి?” అని కాదు, “దీన్ని ఆపుతున్నది ఏమిటి?” అని.