ఇరవై వేల ఓడలు

మాఘ శుద్ధ తదియ నాడు మధ్యాహ్నం మూడింటికి కాకినాడ అఖాతంలో మా నావ బురదలో కూర్చుండిపోయింది. తప్పు నాదే. "రెండింటికల్లా వెనక్కి తిరిగిపోవాలండి, ఆటు తీసేత్తాది" అని నావ నడిపే ఆయన పొద్దున్నే చెప్పాడు. నేను హోప్ ఐలాండ్ అంచున కనబడ్డ ప్రతి కొంగకీ ఫోటో తీస్తూ ఉండిపోయాను. తీరా బయల్దేరాక, కోరంగి మడ అడవులు ఇంకా అల్లంత దూరంలో నల్లటి గీతలా ఉండగానే, అడుగున మెత్తగా ఏదో తగిలినట్టయి నావ ఆగింది. ఆయన గెడ తీసుకుని రెండుసార్లు పొడిచి చూశాడు. గెడ మోర లోతు బురదలోకి దిగింది. నీళ్లు మాత్రం జానెడే.

"ఇప్పుడెలా బాబాయ్‌గారూ?"

"ఎలా ఏవుందండి. పోటొచ్చేదాకా కూకోటవే. ఆయ్."

ఆటు అంటే నీరు వెనక్కి తీయడం, పోటు అంటే పొంగడం. రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఏ రోజుకారోజు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువ పొంగుతుంది, ఎక్కువ తీస్తుంది. బడిలో దీన్నే 'పర్వవేలా', 'లఘువేలా' అని బట్టీపట్టి నాలుగు మార్కులు తెచ్చుకున్నాను. అమావాస్య వెళ్లిన మూడో రోజున అఖాతం దక్షిణపు కొసలో నావ తోలితే నీళ్లు కాళ్లకింద నుంచి వెళ్లిపోతాయని ఆ నాలుగు మార్కుల్లో లేదు.

నావ అంటున్నాను కానీ అదేం పెద్దది కాదు. చెక్క పడవ, ఇంజను ఉంది, డీజిల్ మిగులుతుందని తెరచాప కూడా ఉంచుకున్నాడు. అడుగు చదునుగా ఉంటుంది. గోదావరి డెల్టా పడవల్లో ఒక రకానికి ఇంగ్లీషువాళ్లు 'షూ దోనీ' అని పేరు పెట్టారు, బూటులా కనిపించిందట వాళ్లకి. ఆ చదును అడుగు ఎందుకో ఆ రోజు అర్థమైంది. నీళ్లు పూర్తిగా పోయాక కూడా మేం పక్కకి ఒరగలేదు. పీట మీద కూర్చున్నట్టు బురద మీద కూర్చున్నాం. లోతు నీళ్ల కోసం కట్టిన పడవైతే ఈపాటికి ఓ పక్కకి పడిపోయి ఉండేది. నీళ్లు ఉన్నప్పుడు తేలడానికే కాదు, లేనప్పుడు కూర్చోడానికి కూడా కట్టిన పడవ ఇది.

చుట్టూ చూస్తే తూర్పున హోప్ ఐలాండ్ సన్నగా సాగి ఉంది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఈ దీవి వయసు రెండు వందల ఏళ్లకి అటూ ఇటూ అంటారు. గౌతమి పాయ తెచ్చి పోసిన ఇసుకని కెరటాలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోయి, ఈ తిన్నెని పెంచాయి. కాకినాడ ఓడలకి ఇప్పుడు సముద్రం నుంచి ఇదే అడ్డుగోడ. అంటే నేను వెతుక్కుంటూ వచ్చిన కోరంగి చరిత్ర చాలావరకు ఈ దీవి ఇంత పెరగకముందు జరిగింది.

నేను వచ్చింది ఆ చరిత్ర కోసమే. కోరంగి ఒకప్పుడు ఈ తీరంలో పేరున్న రేవు, ఓడలు కట్టిన ఊరు. పక్కనే తాళ్లరేవులో ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. ఇక్కడి నుంచి తెలుగువాళ్లు బర్మాకి ఎంతమంది వెళ్లారంటే అక్కడ తెలుగువాడి పేరే 'కోరంగీ' అయిపోయింది. ఎవడి ఊరు ఏదైనా సరే, అందరూ కోరంగీలే. 1930 మేలో రంగూన్ రేవులో కూలి పని దగ్గర మొదలైన అల్లర్లలో చచ్చిపోయింది కూడా ఈ కోరంగీలే. మారిషస్‌ తెలుగువాళ్లు తమ పూర్వీకులు ఎక్కి వచ్చిందని చెప్పుకునే ఓడ పేరు 'కోరింగా ప్యాకెట్'. ఊరి పేరు అంత దూరం వెళ్లింది.

కానీ ఫోన్‌లో 'కోరంగి' అని కొట్టి చూడండి. ఇదేదీ ముందు రాదు. ముందు వచ్చేది ఒక తుఫాను. 1839 నవంబరు 25, 40 అడుగుల ఉప్పెన, 20,000 ఓడలు ధ్వంసం, 3,00,000 మంది మృతి. ప్రపంచంలో అతి భయంకరమైన తుఫాన్ల జాబితాలు ఏవి తీసినా మన కోరంగి అందులో ఉంటుంది.

కదలని నావలో కూర్చుని చేసే పనేముంది. ఆ జాబితా బాబాయ్‌గారికి చదివి వినిపించాను.

ఆయన చుట్ట వెలిగించుకుంటున్నవాడల్లా ఆగాడు. "ఎన్నండీ ఓడలు?"

"ఇరవై వేలు."

"ఎక్కడెట్టారండీ?"

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. లేచి నిలబడి అఖాతం వైపు, కోరంగి పాయ మొగ వైపు ఓసారి చూసి మళ్లీ కూర్చున్నాడు. పడవని పడవ పక్కన కట్టడం, వాటికి లంగరు వేసే చోటు, తిప్పుకునే చోటు, ఆటులో కూర్చునే చోటు, ఇవన్నీ ఆయన తలలో లెక్క కట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "చిన్న దోనెలు కలుపుకున్నా పట్టవండి" అన్నాడు చివరికి.

ఎన్ని వ్యాసాల్లో చదివానో ఈ 20,000 అంకె. ఎక్కడ పట్టాయని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఇంటికొచ్చాక దీని వెనక పడ్డాను. 1737 అక్టోబరులో కలకత్తా మీద విరుచుకుపడ్డ తుఫాను గురించి అప్పటి లండన్ పత్రికలు రాసిన వార్త ఉంది. నీళ్లు 40 అడుగులు లేచాయట. 20,000 ఓడలూ పడవలూ పోయాయట. 3,00,000 మంది చనిపోయారట. మూడు అంకెలూ అవే. రెండు ఊళ్లు, మధ్యలో 102 ఏళ్లు, లెక్క మాత్రం ఒకటే. రోజర్ బిల్హామ్ అనే భూకంప శాస్త్రవేత్త 1994లో ఆ కలకత్తా లెక్కని తిరగతోడి, అప్పటి కలకత్తా జనాభా కంటే ఆ మృతుల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువని, అది నిలిచే లెక్క కాదని చూపించాడు. అక్కడే నిలవని అంకె కోరంగికొచ్చి ఎలా నిలుస్తుంది? ఎవరో ఒక జాబితా రాస్తున్నప్పుడు ఒక వరస అంకెలు ఇంకో వరసలోకి జారిపోయి ఉంటాయని నా అనుమానం. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు.

అంటే కోరంగిలో ఉప్పెన రాలేదని కాదు. 1789 డిసెంబరులో వచ్చిన దాని గురించి ఆ కాలపు కథనం ఒకటుంది. ఈదురుగాలి, పైగా పోటు నిండుగా ఉన్న వేళ. ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద కెరటాలు లేచాయి. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల నీళ్లు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లపు నేలనంతా ముంచింది. మూడోది ఇంకేమీ మిగల్చలేదు. దాదాపు 20,000 మంది పోయారంటారు. కలకత్తాలో ఉండి ఇలాంటి తుఫాన్ల వివరాలు పోగుచేసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో 'సైక్లోన్' అనే మాట పుట్టించాడు, పాము చుట్టలా తిరుగుతుందని.

ఆ కథనంలో నన్ను ఆపింది అంకె కాదు, 'పోటు నిండుగా ఉన్న వేళ' అన్న ముక్క. అదే గాలి ఆటులో వచ్చి ఉంటే నీరు ఆ ఎత్తుకి లేచేది కాదు. ఆ రోజు ఎవరు బతకాలో ఎవరు పోవాలో గాలితో పాటు గంట కూడా తేల్చింది. ఆ గంట పడవల వాళ్లకి ముందే తెలుసు. గాలి వస్తుందని వాళ్లకి చెప్పేవాళ్లు మాత్రం లేరు.

ఇంతకీ రేవుని చంపింది ఉప్పెనేనా? జిల్లా గెజెటీర్లు చెప్పే కారణం చప్పగా ఉంటుంది: మేట. ఒండ్రు పేరుకుని పాయ పూడిపోయింది, పెద్ద ఓడలు రాలేకపోయాయి, వ్యాపారం కాకినాడకి జరిగింది. ఏళ్ల తరబడి, జానా బెత్తెడూ చొప్పున. ఈ కథలో కెరటం లేదు కాబట్టి జాబితాలకి ఎక్కదు. మా నావ కూర్చున్నది ఆ మేట మీదే.

రాతలో మిగిలేది ఏమిటని ఆలోచిస్తే మోటుపల్లి గుర్తొచ్చింది. 1244 ప్రాంతంలో గణపతిదేవ చక్రవర్తి అక్కడ వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకి ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు సరుకంతా లాగేసుకునేవాళ్లు. మేం అలా చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటాం, భయపడకుండా రండి అని సముద్ర వర్తకులకి ఇచ్చిన మాట అది. గొప్ప మాటే. కాకపోతే అందులో ఉన్నది సరుకు, సుంకం, వర్తకుడు. సరుకుని ఓడ నుంచి ఒడ్డుకి చేర్చిన చిన్న పడవల వాళ్లు అప్పుడూ లెక్కలో లేరు, కోరంగిలోనూ లేరు. లెక్కపెట్టని చోట ఏ అంకె పెట్టినా అడిగేవాడు ఉండడు. మూడు లక్షలు అంత సులువుగా నిలబడిపోయింది అందుకేనేమో.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం నావలో నేను మూడు లక్షలు అనగానే బాబాయ్‌గారు నవ్వలేదు. ఓడల్ని లెక్కగట్టినట్టు మనుషుల్ని లెక్కగట్టలేదు. కాసేపాగి, "తొంభయ్యారులో మా అన్న పోయాడండి" అన్నాడు.

1996 నవంబరు 6 రాత్రి. కోనసీమ తుఫాను. ప్రభుత్వ లెక్కలో వెయ్యికి పైగా మృతులు, వాళ్లు కాక గల్లంతైనవాళ్లు. అందులో వేటకి వెళ్లి రానివాళ్లు ఎందరో. ఆయన అన్న రెండు రోజుల ముందు ఇంకో ముగ్గురితో వేటకి వెళ్లాడు. పడవ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

"చచ్చిపోయినోళ్ల లెక్కలో రాశారా, గల్లంతులో రాశారా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మా వొదిన తిరిగిందండి కాయితాలట్టుకుని. శవం లేదు కదండి. ఆఖరికి ఎందులో రాశారో మాకు తెల్దు." చుట్ట బురదలో పడేశాడు. "మాకైతే లెక్కుందండి. ఏటా చొల్లంగమాసకి ఆడి పేర నువ్వులూ నీళ్లూ వొదుల్తాం. మొన్ననే వొదిలాం."

చొల్లంగి అమావాస్య, పుష్య మాసం చివరి రోజు. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోట మునుగుతారు. సప్తసాగర యాత్ర అక్కడే మొదలై అంతర్వేదిలో ముగుస్తుంది. అంటే మూడు రోజుల క్రితం, పోటు బాగా పొంగే నాడు, ఈయన అక్కడ నీళ్లలో నిలబడి ఒక పేరు చెప్పాడు. అది ఏ జాబితాలోనూ తప్పిపోయే అవకాశం లేని పేరు.

ఆరవుతుండగా నీళ్లు వచ్చాయి. కెరటంలా రాలేదు. బురదలోని చిన్న చిన్న గాళ్లలో ముందు తళుక్కుమన్నాయి, ఆ గాళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి, ఎండ్రకాయలు బొరియల్లోకి పోయాయి. నావ ఒకసారి వణికి, తేలింది. ఆయన ఇంజను వెయ్యలేదు. సముద్రం మీంచి గాలి ఉంది, తెరచాప ఎత్తి చుక్కాని పట్టుకున్నాడు. చీకట్లో మొగ ఎక్కడుందో నాకు కనబడలేదు, ఆయన మాత్రం తల తిప్పకుండా తిన్నగా పోనిచ్చాడు.

పాయలోకి తిరిగాక నేనే అడిగాను. "అన్నయ్యగారి పడవ ఎంతదండీ?"

"ఇంతదేనండి" అన్నాడు, నావ చెక్క మీద అరచేత్తో తట్టి.