ఎమ్డెన్ మీద పడ్డ ఎమ్డెన్

ఇప్పుడంటే విమానం నెత్తి మీదికెల్లి పోయినా ఎవడూ తలకాయ ఎత్తి చూడడు గని, మా చిన్నతనంల గాలిమోటరు చప్పుడు ఇనబడితే వాడకట్టంత బయటికి ఉరికేది. గసొంటి గాలిమోటర్ల మీద మన హైదరాబాద్ పేరు రాసి లడాయికి తోలిండ్రంటే నమ్ముతరా? నవ్వకుండ్రి. మంటల రెండు కట్టెలు ఎయ్యి బిడ్డా, మొదటికెల్లి చెప్త.

1917ల ఇంగ్లండుల ఒక విమాన దళం పెట్టిండ్రు, దాని నెంబరు 110. దానికి డీహెచ్ 9ఏ అనే బాంబర్లు కొనిచ్చింది మన ఏడో నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. నిజాం ఇచ్చిన బహుమానమని విమానాల మీద రాయించిండ్రు. అప్పటిసంది గా దళం పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్ అయింది. నిజాం ఇచ్చిండంటరు గని, నిజాం సొంత సర్ఫేఖాస్ పైసలైనా, సర్కారు దివానీ పైసలైనా ఆఖరుకు రైతు కట్టిన శిస్తే కద! మా తాతసొంటోళ్లు జొన్నలమ్మి కట్టిన పైసలల్ల ఒక రెక్కో, ఒక చక్రమో వచ్చే ఉంటది. అండ్ల ఒక విమానం 1918 అక్టోబరుల జర్మనోళ్లకు చిక్కింది. ఎన్ని దేశాలు తిరిగిందో గని, ఇయ్యాల లండన్ల రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంల పదిలంగ ఉన్నది.

ఇగ రెండో ముచ్చట. మా నాయనమ్మ తరమోళ్లకు ఎమ్డెన్ అంటే ఒక జర్మన్ ఓడ. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు ముంగటికొచ్చి, సముద్రంల నిలబడి, ఊరి మీద గుండ్లు కురిపించింది. రేవుకాడ బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు అంటుకొని భగ్గుమన్నయ్. తెల్లారేసరికి ఊరోళ్లు మూటముల్లె సదురుకొని రైలు స్టేషన్లకు ఉరికిండ్రు. గా నవంబరుల కోకోస్ దీవులకాడ ఆస్ట్రేలియా ఓడ ఒకటి దాన్ని తుక్కు చేసింది. అయినా జర్మనోళ్లు గా పేరు ఇడువలే. 1925ల ఇంకో ఎమ్డెన్ ఓడను నీళ్లల్లకు దించిండ్రు.

గీ రెండు దారాలు ఎట్ల ముడిపడ్డయో ఇప్పుడు ఇనుండ్రి.

1939 సెప్టెంబరు 3న జర్మనీ మీద బ్రిటన్ లడాయి ప్రకటించింది. మరునాడు పొద్దుగాల ఒక విమానం పోయి, విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు దిక్కు జర్మన్ ఓడలు ఆగి ఉన్నయని చూసొచ్చింది. దాని రేడియో సరిగ పనిచెయ్యక, తిరిగొచ్చినంకనే కబురు తెలిసింది. మూడు దళాలకెల్లి ఐదైదు బ్లెన్‌హైము బాంబర్లు తయారైనయ్. అండ్ల ఒకటి మన హైదరాబాద్ స్క్వాడ్రన్. మబ్బులు కిందికి దిగి ఉన్నయ్, పైకెల్లి బాంబు ఎయ్యరాదు. అందుకని ముందు ఎక్కించిన బాంబులు దించి, 500 పౌన్లవి ఎక్కించిండ్రు. అంటే ఒక్కోటి రెండు క్వింటాళ్లకు పైన. ఎత్తు తక్కువల పోయి ఎయ్యాలె కాబట్టి, పడ్డ 11 సెకన్లకు పేలేటట్టు కీలు పెట్టిండ్రు. లేకుంటే తన బాంబుకు తనే పోతడు.

మన దళాన్ని నడిపింది డోరన్ అనే అఫీసరు. మబ్బుల సందులకెల్లి దిగి చూసేసరికి ‘అడ్మిరల్ షీర్’ అనే యుద్ధనౌక ముంగట్నే ఉన్నది. డెక్కు మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నయట! నావికులు కూడ పానం నిమ్మళంగనే తిరుగుతున్నరు. బ్రిటన్ లడాయి ప్రకటించి రెండు దినాలు గూడ కాలే, అప్పుడే ఎవడొస్తడని వాళ్ల ధీమా. బాంబులల్ల కొన్ని ఓడ మీదనే పడ్డయ్. పడి ఏం లాభం? ఉక్కు మీద తగిలి ఎగిరి, పేలకుంటనే సముద్రంల పడ్డయ్. గా కీలే వాళ్ల పాలిట శని అయింది. పిలగాండ్లను పంపే పెద్దమనుషులు బాంబు ఎట్ల పేలుతదో ముందుగాల చూసుకోవద్దా?

ముందు పోయినోళ్లకు దొంగచాటు దెబ్బ లాభమిచ్చింది. ఎనకాల వచ్చినోళ్లకు ఓడల మీది ఫిరంగులు, గట్టు మీది ఫిరంగులు ఒక్కసారే నోరు తెరిచినయ్. హైదరాబాద్ స్క్వాడ్రన్ ఐదింట్ల ఒకటి ఆడనే కూలింది. తోటి 107 స్క్వాడ్రన్‌ది ఇంకా పాడు గతి, ఐదింట్ల నాలుగు పోయినయ్. మూడో దళానికి ఓడలే కనబడలే, ఉత్తగనే మళ్లి వచ్చింది.

కూలిన మన స్క్వాడ్రన్ విమానం తోలింది ఫ్లయింగ్ ఆఫీసర్ హెచ్.ఎల్. ఎమ్డెన్. అవును బిడ్డా, పిలగాని ఇంటిపేరే ఎమ్డెన్. గా విమానం పోయి పడ్డది దేని మీదనుకున్నరు? ఎమ్డెన్ ఓడ మీదనే! మద్రాసును కాల్చిన ఓడ పేరు పెట్టుకున్న ఓడ మీద, హైదరాబాద్ పేరు పెట్టుకున్న దళపు విమానం, అదే పేరున్న పిలగాడు తోలంగ పోయి పడ్డది. నేను కట్టి చెప్తే మీరు నమ్మకపోదురు. విమానంల ఉన్నోళ్లంత పోయిండ్రు, ఓడ మీద జర్మన్ నావికులు గూడ కొంతమంది సచ్చిండ్రు.

డోరన్‌కు మెడల్ దొరికింది, రాజుగారే ఇచ్చిండు. ఎమ్డెన్ ఓడను 1945 మేల జర్మనోళ్లే పేల్చేసుకున్నరు. హైదరాబాద్‌ల నిజాం బంగ్ల ముంగట గా పిలగాని పేరు ఎవరన్నా తలిచిండ్రా అంటే, నేనైతే ఇనలే. దళం మాత్రం మనకు దగ్గరికే వచ్చింది. 1942ల గదే హైదరాబాద్ స్క్వాడ్రన్ ఇండియాల దిగి, బర్మా మీదికెల్లి జపానోళ్లతోని కొట్లాడింది. అదే ఏడు ఏప్రిల్‌ల జపానోళ్లు విశాఖపట్నం మీద బాంబులేసిండ్రు. గా ముచ్చట పెద్దగున్నది, రేపు చెప్త.