డ్యూటీ మారే వేళ

నర్సుల చరిత్ర అనగానే దీపం పట్టుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ బొమ్మే గుర్తొస్తుంది. ఆ బొమ్మ పక్కన నేను ఆమె 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' మూడో అధ్యాయాన్ని పెట్టుకుంటాను. తను దగ్గర లేనప్పుడు కూడా పని ఆగకుండా ఏర్పాటు చేయడం తెలియకపోతే చేసిన సేవంతా వృథా అవుతుందని అందులో అంటుందామె. ఇంట్లో రోగుల్ని కనిపెట్టుకుని ఉండే మామూలు ఆడవాళ్ల కోసం రాసిన పుస్తకమది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఆమె పేరిట నర్సుల శిక్షణ మొదలైంది.

రోగి బాగా నిద్రపోయాడంటే ఆమెకు చాలదు. ఎన్ని గంటలు, ఏ వేళలో అన్నది చెప్పాలి. ఇవాళ్టి వార్డులో డ్యూటీ అప్పగింత సారం కూడా ఇదే. ఏ మందు ఇచ్చారు, ఏది ఇవ్వాలి, సెలైన్ ఎప్పుడు మార్చాలి, ఎవరి ఊపిరి తేడాగా ఉంది. ఇవన్నీ అందితే వచ్చిన నర్సు నేరుగా పనిలోకి దిగుతుంది. అందకపోతే కేస్‌షీట్లు తిరగేస్తూ కూర్చోవాలి. ఇచ్చిన మందే మళ్లీ ఇవ్వొచ్చు, ఇవ్వాల్సింది తప్పిపోవచ్చు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రతకు ప్రకటించిన తొమ్మిది పరిష్కారాల్లో ఈ అప్పగింత ఒకటి.

రెండు షిఫ్టుల వేళలు కాసేపైనా కలవని చోట, వెళ్లే నర్సు డ్యూటీ అయ్యాక నిలబడి చెప్పాలి, వచ్చే నర్సు ముందే వచ్చి వినాలి. ఆ సమయం జీతంలో లెక్కకు రాదు. పొరపాటు జరిగితే సంజాయిషీ మాత్రం వాళ్లదే. నైటింగేల్ ఆ అధ్యాయానికి 'చిన్నచిన్న పనుల నిర్వహణ' అనే అర్థంలోనే పేరు పెట్టింది. చిన్నవని పేరుపడ్డ పనులు ఎవరి వంతుకొస్తాయో మనకు తెలుసు. ఆ పావుగంటను పనిగా లెక్కగట్టమని అడగడం నర్సుల కోసమే కాదు, రోగుల కోసం కూడా.